అమ్మ అడగనిది

కూతుర్ని కాలేజీలో చేర్పించడానికి వెళ్లి, తను కూడా చేరి వచ్చిన తల్లిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ముత్యాలక్క సంగతి వినండి.

ముత్యాలక్క అసలు పేరు అది కాదు. బేకరీలో కేకుల మీద అక్షరాలు రాయడం ఆవిడ పని. ఆ రాత ముత్యాల్లా ఉంటుందని బేకరీ ఓనరు పెట్టిన పేరది. జీతం సంగతి ఎత్తినప్పుడల్లా ఆయన ఆ ముత్యాలనే మరోసారి పొగిడి పంపించేస్తాడు గనక పేరు మాత్రం బాగా స్థిరపడిపోయింది. చదువుకునే రోజుల్లో సెలవులకు సరదాగా అక్కడ పనికి చేరింది. ఆ సెలవులు ఇంకా పూర్తి కాలేదు. డిగ్రీలో ఒక్క పేపరు, రచన పేపరు, అలాగే మిగిలిపోయింది.

ఇన్నేళ్లకు కూతురి ఫీజు కట్టడానికి కాలేజీ వరండాలో నిలబడితే గోడ మీద నోటీసు కనిపించింది. పేపరు మిగిలిపోయిన పాత విద్యార్థులు ఇప్పటి పిల్లలతో కలిసి కూర్చుని ఆ క్లాసు పూర్తి చేసుకోవచ్చట. ఒకసారి చదివింది. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివింది. వరస నత్తనడక నడుస్తోంది, చదవడానికి గోడ మీద ఇంకేమీ లేదు. కిటికీ దగ్గరికి చేరేసరికి ఆవిడ ఒకటికి రెండు ఫారాలు అడిగింది.

కూతురు పండుకి తల కొట్టేసినట్టయింది. పండు కూడా అసలు పేరు కాదు. ఆ ముద్దుపేరంటే ఆ అమ్మాయికి మహా చిరాకు.

“అదే క్లాసులో నువ్వూ నేనూనా! అందరూ నవ్వరా అమ్మా?” అంది.

“నవ్వితే వాళ్ల పళ్లు కనిపిస్తాయి. మనకేం పోయింది?”

చివరికి ఒప్పందం కుదిరింది. క్లాసు గుమ్మం దాటాక నువ్వెవరో నేనెవరో. పండు ముందు వరసలో ఈ మూల, తల్లి వెనక వరసలో ఆ మూల. క్లాసు సంగతులు ఇంట్లో ఎత్తకూడదు. మాట్లాడాల్సి వస్తే తల్లి కూతుర్ని ‘మీరు’ అనాలి. కూతురు తల్లిని మిగతా పిల్లల్లాగే ‘ఆంటీ’ అనాలి. నవమాసాలు మోసి కన్నందుకు ఆంటీ! ముత్యాలక్క దానికీ సరేనంది. సరేననడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య.

కేకుల మీద రాసేవాళ్లకు ఒక మర్యాద ఉంది. ఏం రాయమంటే అది రాయాలి, ఎందుకని అడగకూడదు. ఒకాయన వచ్చి ‘చివరికి వదిలింది’ అని రాయమంటాడు. వదిలింది జలుబా, ఉద్యోగమా, పెళ్లామా? అడగకూడదు. ఒకావిడ ఒకే పేరు రెండు కేకుల మీద రాయించుకుని, రెండు సంచుల్లో వేరువేరుగా పట్టుకెళుతుంది. అడగకూడదు. “అడగడం మన పని కాదు ముత్యాలక్కా. అడిగితే గిరాకీ పోతుంది” అని ఓనరు మొదటిరోజే చెప్పాడు. ఆవిడ ఆ మాట జవదాటలేదు. లోపల మాత్రం ప్రశ్నలు పులిసి పొంగుతూనే ఉండేవి. ఆ రెండు కేకులావిడ గురించి ఇప్పటికీ అంట్లు తోముతూ ఆలోచిస్తుందంటే చూసుకోండి.

రాసే తీరు కూడా ఆవిడది వేరు. కొత్తగా పనికొచ్చినవాళ్లు ఎడమ అంచు నుంచి మొదలుపెడతారు. కుడి అంచుకు వచ్చేసరికి చోటు చాలక చివరి అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. ముత్యాలక్క ముందుగా మాటంతా మనసులో పరుచుకుని, మధ్యలో పడే అక్షరమేదో చూసుకుని, దాన్ని కేకు నడిమధ్యన పెడుతుంది. తర్వాత దానికి అటూ ఇటూ పోతుంది. లెక్క తప్పదు, చోటు చాలకపోవడమనేది ఉండదు.

బేకరీలో నేర్చుకున్న ఆ అడగని మర్యాద ఎప్పుడు ఇంటికొచ్చి కూర్చుందో ఆవిడకే తెలియదు. పోయినేడు పండు వేరే ఊళ్లో పెద్ద కాలేజీలో చేరి హాస్టల్లో ఉండేది. పుట్టినరోజుకి ముత్యాలక్క గులాబీరంగు క్రీముతో కేకు నడుమ ‘పండు’ అని రాసి, ఆ ఊరు వెళ్లే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే పండు, చేతిలో పెట్టె.

“ఇంక అక్కడికి వెళ్లను” అంది.

ముత్యాలక్క పెట్టె అందుకుంది. “చేతులు కడుక్కో, అన్నం తిందువుగాని” అంది. అంతే. పండు తండ్రి డ్యూటీ మీద ఊళ్లు తిరుగుతూ వారానికోసారి ఇల్లు చేరే మనిషి. ఆయన వచ్చి “ఏమైందట?” అన్నాడు. “నేనడగలేదు” అంది. “నువ్వే అడగనప్పుడు నేనేం అడుగుతాలే” అని ఆయన పేపరు తీసుకుని కూర్చున్నాడు. ఇంటిల్లిపాదీ మర్యాదస్తులే మరి.

పండు వచ్చిన సాయంత్రమే పెట్టెలోని బట్టలు ఉతకడానికి తీస్తే ఒక తువ్వాలు నిండా గులాబీరంగు మరక. ముత్యాలక్క వాసన చూసింది. తన క్రీమే, తను కలిపిన రంగే. పుట్టినరోజున పిల్లలంతా ఒకరి మొహానికొకరు పూసుకుని ఉంటారు, దీంతో తుడుచుకుని ఉంటారు అనుకుంది. మరి అంత సరదాగా ఉన్న పిల్ల ఎందుకొచ్చేసినట్టు? ప్రశ్న గొంతుదాకా వచ్చింది. తువ్వాలు నానబెట్టి, ప్రశ్న మింగేసింది. అడిగితే పిల్ల నొచ్చుకుంటుందని భయం. తనే చెప్పాలనుకున్నప్పుడు చెబుతుందిలే అని నమ్మకం. ఏడాది తిరిగొచ్చింది, పండు ఇక్కడి కాలేజీలో చేరింది, అయినా ఏమీ చెప్పలేదు. తల్లీకూతుళ్లు వాన గురించీ, నీళ్ల మోటారు గురించీ, పక్కింటి కుక్క గురించీ బోలెడు మాట్లాడుకునేవారు. ‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అంటారు. పెట్టడం వరకైతే ముత్యాలక్క అడక్కుండానే పెడుతుంది. అడగడమే ఆవిడకు చేతకాదు.

ఇలాంటి మనిషి పోయి పోయి ‘ఎందుకమ్మ’ క్లాసులో పడింది. రచన చెప్పే లెక్చరరుకు పిల్లలు పెట్టుకున్న పేరది. ముత్యాలక్క కంటే పదేళ్లు చిన్నది. సన్నగా, చేతినిండా సుద్దపొడితో ఉంటుంది. ఎవరేం చెప్పినా “ఎందుకు?” అంటుంది. గుడ్ మార్నింగ్ చెప్పడానికి కూడా పిల్లలు జంకేవారు.

“ముందు పేజీలో మీకు తోచింది రాయండి” అని చెప్పింది మొదటిరోజు. “వెనక పేజీలో, అది ఎలా రాశారో, ఏది వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాయండి. వెనక పేజీలో ఏమీ లేకపోతే ముందు పేజీ ఎంత బాగున్నా పాస్ చెయ్యను.”

ముత్యాలక్క తన పని గురించి రాసింది. అక్షరాలు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. వెనక పేజీలో ఇలా రాసింది: ‘ఈ వ్యాసం రాయడం నాకెంతో సంతోషాన్నిచ్చింది. ఎన్నో కొత్త విషయాలు తెలుసుకున్నాను. ఈ అవకాశం ఇచ్చినవారికి ధన్యవాదాలు.’

ఎందుకమ్మ ఆ కాగితం పట్టుకుని వెనక మూలకు నడిచొచ్చింది. “ఏమిటండీ ఆ కొత్త విషయాలు?” అంది.

ముత్యాలక్క నీళ్లు నమిలింది. “అంటే... మామూలుగా అలా రాస్తారు కదా మేడం.”

“కేకు మీద రాసినట్టు రాశారు. ఎవరి కేకు మీదైనా సరిపోతుంది. మీ ముందు పేజీలో ఒక వాక్యం ఉంది చూడండి, ‘మేము ఎవరినీ ఏమీ అడగము’ అని. ఎందుకడగరు?”

“అడిగితే ఏమనుకుంటారో అని.”

“ఏమనుకుంటారు?”

“ఏమో మేడం, తెలీదు. ఎప్పుడూ అడగలేదుగా!”

పిల్లలు గొల్లుమన్నారు. ఎందుకమ్మ కూడా నవ్వింది. “అయితే మీకు తెలియంది ఒకటి దొరికింది. అడిగి చూసి, ఏమైందో వచ్చేవారం వెనక పేజీలో రాసుకురండి” అంది. ముందు మూల నుంచి పండు ఇటు తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయి వెనక మూలకి కూడా కనిపిస్తున్నాయి.

మర్నాడు బేకరీకి ఒకాయన వచ్చాడు. చేతిలో గొడుగు, మొహంలో దిగులు. కేకు మీద ‘నన్ను క్షమించు’ అని రాయమన్నాడు. ముత్యాలక్క కోనులో క్రీము నింపుకుంది, మధ్య అక్షరం చూసుకుంది, కోను పైకెత్తింది, దించింది. ఓనరు లోపల పొయ్యి దగ్గర ఉన్నాడని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి అడిగేసింది.

“ఏం జరిగిందండీ?”

గొడుగాయన ఉలిక్కిపడ్డాడు. ఆ ప్రశ్న కోసమే పుట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నవాడిలా మొదలుపెట్టాడు. భార్య వాళ్ల అక్కగారింటికి వెళ్లిందట. మొక్కలకు నీళ్లు పొయ్యమని చెప్పి వెళ్లిందట. తిరిగొచ్చేసరికి సగం ఎండిపోయాయట. “గుమ్మం ముందువాటికి పోస్తూనే ఉన్నానండీ. ఎండింది బాల్కనీలోవి. ఆవిడ మొక్కలంది గానీ, బాల్కనీ అని విడిగా చెప్పిందా? చెప్పలేదు.” ఆయన ఆగి, గాల్లోకి చూశాడు. మొహంలో దిగులు కాస్తా వెలుగయింది. “చెప్పలేదు కదా! మరి తప్పెవరిది? ఆవిడదేనండీ! మీరడిగారు కాబట్టి తట్టింది. కేకు వద్దులెండి.” గొడుగు చంకలో పెట్టుకుని, హుషారుగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఓనరు లోపలి నుంచి వచ్చి, ఖాళీ కేకునీ, వీధిలో ఈల వేసుకుంటూ పోతున్న మనిషినీ చూశాడు. “ఏమన్నావు ఆయన్ని?”

“ఏం జరిగిందని అడిగానంతే.”

“అడిగావా! చూశావుగా మరి. ఇన్నేళ్లు లేని రోగం ఇప్పుడెందుకు పట్టుకుంది నీకు?”

ముత్యాలక్క కోను పక్కన పెట్టేసింది. భయపడ్డట్టే అయింది. అడిగితే కుదురుగా ఉన్నది కూడా చెదిరిపోతుందన్నమాట. ఇక ఎవరినీ ఏమీ అడగకూడదని గట్టిగా అనుకుంది. అయినా లోపల ఏదో పురుగు తొలుస్తూనే ఉంది. గొడుగాయనకు తన సంగతి అడిగేదాకా తనకే తెలియదు. చెబుతూ చెబుతూ తెలుసుకున్నాడు. అదెలా జరిగింది? ఆ వారం వెనక పేజీలో ధన్యవాదాలు మానేసి ఇదంతా రాసింది. చోటు చాలక, జీవితంలో మొదటిసారి, ఆవిడ అక్షరాలు అంచు దగ్గర ఒకదాని మీదికొకటి ఎక్కాయి.

ఎందుకమ్మ అది చదివి సుద్దముక్క అందుకుంది. బోర్డు మీద ‘జత’ అని రాసింది. “ఒకరి పేజీలు ఒకరు చదవండి. బాగుంది, బాగాలేదు అనొద్దు. ప్రశ్నలు మాత్రం అడగండి. వచ్చే క్లాసులో ఎదురెదురుగా కూర్చుని నోటితో అడగాలి, నోటితో చెప్పాలి. వెనక పేజీ ఆ తర్వాత రాద్దురుగాని. పరీక్ష కూడా ఇదే, వేరే ఏం లేదు. పక్కపక్కన కూర్చున్నవాళ్లు రోజూ మాట్లాడుకునేవాళ్లే కాబట్టి, జతలు నేను కలుపుతాను. ఎవరికి ఎవరు బాగా దూరమో వాళ్లే జత.” చూపుడువేలు ముందు వరస ఈ మూల నుంచి, వెనక వరస ఆ మూలకు సాగింది. “మీరూ, ఆంటీ.”

దాక్కోబోయి దొరికిపోవడమంటే ఇదే. పక్కపక్కన కూర్చుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. పండు తేలు కుట్టిన దొంగలా లేచొచ్చి, “ఇదిగోండి ఆంటీ” అని తన కాగితం ఇచ్చి, తల్లి కాగితం తీసుకుని వెళ్లిపోయింది.

కాగితంలో పెద్దగా ఏమీ లేదు. ‘తిరిగి రావడం’ అని పేరు. హాస్టల్ గదిలో పెట్టె సర్దుకోవడం, బస్టాండులో నిలబడడం, బస్సులో కిటికీ పక్క సీటు, అద్దానికి కొట్టుకునే పరదా, ఇంటి సందు మలుపు. అన్నీ ఉన్నాయి. చివరి రెండు వాక్యాలు: ‘అమ్మ తలుపు తీసింది. ఏమీ అడగలేదు.’

ముత్యాలక్క ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. తను మర్యాద అనుకున్నది ఈ కాగితం మీద మర్యాదలా కనబడడం లేదు. మెచ్చుకోలా, ఫిర్యాదా? ఎన్నిసార్లు చదివినా తేలలేదు. ఇంటికెళ్లాక అడుగుదామా అంటే, క్లాసు సంగతులు ఇంట్లో ఎత్తకూడదని ఒప్పందం. ఆ వారమంతా ఇంట్లో పక్కింటి కుక్కే దిక్కయింది.

ఎదురుగా కూర్చుని నోటితో అడగాలి. ఎటూ కాని ప్రశ్నలు కొన్ని తయారుచేసి పెట్టుకుంది. బస్సు పరదా ఏం రంగు? బస్టాండులో ఎండగా ఉందా? వీటితో గట్టెక్కొచ్చు, పేపరూ గట్టెక్కుతుంది. అసలు ప్రశ్న అడిగితే పిల్ల గొడుగాయనలా లేచి వెళ్లిపోతే? ఒకసారి పెట్టె పట్టుకుని వచ్చిన పిల్ల, మళ్లీ అదే పెట్టె పట్టుకుంటే?

క్లాసు రోజు పొద్దున్నే గొడుగాయన మళ్లీ వచ్చాడు. ఈసారి మొహంలో దిగులు రెట్టింపుగా ఉంది.

“అప్పటికంటే పెద్ద కేకు కావాలండీ” అన్నాడు.

ముత్యాలక్క పెదాలు బిగించుకుంది. ఓనరు అక్కడే ఉన్నాడు మరి. అయినా ఆయనకి ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

“ఇంటికెళ్లి తప్పు నీదేనన్నానండీ. ఆవిడ గొడవేం పడలేదు. ఒక్కమాట అడిగింది. ‘బాల్కనీ గురించి చెప్పలేదు సరే. వాడిపోతుంటే కనిపించలేదా?’ అంది.” ఆయన గొడుగు పిడి నిమురుకున్నాడు. “రోజూ అక్కడే కూర్చుని కాఫీ తాగానండీ. కనిపించక ఏం చేస్తుంది?”

“ఏం రాయమంటారు?” అంది ముత్యాలక్క.

“‘కనిపించింది’ అని రాయండి. ఆవిడకు అర్థమవుతుంది.”

ముత్యాలక్క నడిమధ్యన ఒక అక్షరం పెట్టి, దానికి అటూ ఇటూ నింపింది. తనకూ కనిపించింది కదా. ఏడాదిగా కూతురు పళ్లెంలో సగం వదిలేయడం కనిపించింది. ఫోను మోగితే చూసి పక్కన పెట్టేయడం కనిపించింది. పిల్ల కొంచెం కొంచెంగా వాడిపోతుంటే కూర్చుని చూసింది, దానికి మర్యాద అని పేరు పెట్టుకుంది. ఓనరు కేకు కట్టిస్తూ, “ఈయనెవరో బాగానే ఉన్నాడే! పోయిన గిరాకీ పెద్దదై వచ్చింది” అని తనలో తను ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం క్లాసులో కుర్చీలు ఎదురెదురుగా వేశారు. గదంతా జతలు జతలుగా గుసగుసలు. తల్లీకూతుళ్లు వెనక మూలన కూర్చున్నారు. ముందు పండు వంతు. ఆ అమ్మాయి కాగితం వంకే చూస్తూ అడిగింది.

“ఇన్నేళ్లూ ఎవరినీ ఏమీ అడగలేదని రాశారు ఆంటీ. అడగాలనిపించలేదా?”

“రోజూ అనిపించేదండీ.”

“బేకరీలో సరే. ఇంట్లో వాళ్లని?” పండు కాగితం పక్కన పెట్టింది. “ఇంట్లో వాళ్లకి కేకు అమ్మక్కర్లేదు కదా.”

“భయమండీ” అంది ముత్యాలక్క. “అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని.”

“ఇంక మీ వంతు ఆంటీ.”

ముత్యాలక్క పండు కాగితం విప్పింది. పరదా రంగు దగ్గర మొదలుపెడదామనుకుంది. అంచు నుంచి మొదలుపెడితే చివరికి చోటు చాలదని ఆవిడకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పరదా దగ్గర మొదలుపెడితే బస్టాండు దాకా వస్తుంది. ఈలోగా గంట కొడతారు. కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“ఎందుకొచ్చేశావు పండూ?”

గొంతు తగ్గించడం మరిచిపోయింది. గదిలో గుసగుసలు ఆగిపోయాయి. “పండా?” అని ఎవరో కిసుక్కున నవ్వారు. ఒప్పందం, మీరూ, ఆంటీ అన్నీ గంగలో కలిసిపోయాయి. ఎందుకమ్మ ఒక చూపు ఆవిడ వైపూ, ఒక చూపు పిల్ల వైపూ చూసింది. ఒకే ముక్కు, ఒకే నుదురు. నోరు తెరిచింది గానీ, ఆ ఒక్కసారికి ఎందుకని అడగలేదు. చెయ్యి ఊపి మిగతావాళ్లను వాళ్ల పని చూసుకోమంది.

పండు లేచి వెళ్లిపోలేదు. తల్లి మొహంలోకి చూసింది.

“నాకూ తెలీదమ్మా” అంది.

“తెలీదా?”

“తెలీదు. నువ్వడుగుతావనుకున్నాను. అడిగితే చెప్పాలి కదా, చెప్పాలంటే ఆలోచించాలి కదా. బస్సులో దారి పొడుగునా జవాబులు తయారుచేసుకుంటూ వచ్చాను. నువ్వు తలుపు తీసి చేతులు కడుక్కోమన్నావు.”

“అడిగి ఉంటే నిజం చెప్పేదానివా?”

“మొదటిసారి అబద్ధమే చెప్పేదాన్ని. చదువు కష్టంగా ఉందనో, తిండి పడలేదనో.” పండు ముక్కు ఎగబీల్చింది. “రెండోసారి అడిగితే చెప్పేదాన్నేమో.”

ముత్యాలక్కకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఏడిస్తే ఈ పూట కూడా దాటిపోతుంది. కుర్చీ ముందుకి జరుపుకుంది.

“సరే. రెండోసారి అడుగుతున్నాను. ఎందుకొచ్చేశావు?”

“మొదట్నుంచి చెప్పనా?”

“వద్దు. మధ్యలోంచి చెప్పు. అటూ ఇటూ తర్వాత చూసుకుందాం.”

ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నట్టు పండు పెదాలు కదిలాయి.

“నువ్వు కేకు పంపావు చూడు, పుట్టినరోజుకి” అంది. “గది మధ్యలో బల్ల మీద పెట్టి మూత తీశాను. ఎంత బాగుందో. చాకు కూడా తెచ్చుకున్నాను. కోద్దామంటే, పిలవడానికి ఎవరూ లేరమ్మా. అప్పటికి అక్కడ చేరి అన్ని నెలలైంది. అందరూ నవ్వుతారు, పలకరిస్తారు. రా, కేకు తిను అని పిలవగలిగిన మనిషి ఒక్కరు లేరు. తలుపేసుకుని నేనే తిన్నాను. ఆరోజూ, ఆ మర్నాడూ, ఆ మర్నాడూ. నీ అక్షరాలు చెరపబుద్ధి కాలేదు. చుట్టూ తింటూ వచ్చాను. చివరికి మధ్యలో ‘పండు’ ఒక్కటే మిగిలింది. దాన్ని చూస్తే ఇంక ఉండబుద్ధి కాలేదు.”

ముత్యాలక్క చేతులు ఒళ్లో ఉన్న కాగితాన్ని నలిపేశాయి.

“ఆ ముక్క ఏం చేశావు?”

“డబ్బాలో పెట్టి, తువ్వాలులో చుట్టి, పెట్టెలో పెట్టుకున్నాను. నీకు చూపిద్దామని. బస్సులో ఎండకి కరిగిపోయి అంతా కారిపోయింది.”

ఆ తువ్వాలునే ముత్యాలక్క వాసన చూసింది. తన క్రీమని గుర్తుపట్టింది. స్నేహితుల మొహాలన్నీ ఊహించుకుంది. సబ్బుపెట్టి, రెండుసార్లు జాడించి, మరక పూర్తిగా పోయిందని తృప్తిపడి, తీగ మీద ఆరేసింది. “ఇదేంటే?” అని ఒక్కమాట అడిగి ఉంటే, ఆరోజే, ఆ నీళ్లబక్కెట్టు దగ్గరే తెలిసిపోయేది.

“నేనే ఉతికాను దాన్ని” అంది.

“తెలుసు. తీగ మీద చూశాను.”

గంట కొట్టారు. పిల్లలు పుస్తకాలు సర్దుకుని, వెళుతూ వెళుతూ “బై పండూ” అని ఆటపట్టించారు. పండు చిరాకుపడలేదు. “బై” అంది వాళ్లతో. ఎందుకమ్మ బోర్డు తుడిచి, లైటు తీయకుండా, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ముత్యాలక్క కొంగుతో కూతురి మొహం తుడిచింది, ఆ తర్వాత తన మొహం తుడుచుకుంది. ఇద్దరూ ఈ వారం రాయాల్సిన వెనక పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. దానికేం తొందర లేదు. ఆవిడ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“ఊఁ, చెప్పు” అంది. “అక్కడ అన్నం ఎవరి పక్కన కూర్చుని తినేదానివి?”